నూతిలోంచి వినిపిస్తున్న ఆంప్: ట్రెబుల్ పెంచే ముందు అది ఎక్కడ పోతోందో పట్టుకో

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను, ఫోటోలు నాలుగుసార్లు చూశాను. కొత్తగా చదివేవాళ్ల కోసం విషయం ఒకసారి చెబుతాను. గుంటూరు బ్రాడీపేటలో ఉండే ఇంజినీరింగ్ కుర్రాడు ఫెండర్ కంపెనీ చిన్న ఆంప్ చాంప్ సర్క్యూట్ చూసి ఇంట్లోనే వాల్వు (గాజు గొట్టాల) గిటార్ ఆంప్, అంటే గిటారు శబ్దం పెంచే పెట్టె, కట్టాడు. ముందు సిగ్నల్ పెంచే వాల్వు 12ఏఎక్స్7 (ఒకే గాజులో రెండు దశలు), వెనక స్పీకరుని నడిపే వాల్వు 6వి6, ఏసీని డీసీ చేసే రెక్టిఫైయర్ 5వై3. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ (వాల్వుని స్పీకరుకి జత చేసేది) వాళ్ల తాతగారి రేడియోలోంచి తీశాడు. స్పీకరు హోమ్ థియేటర్‌లోంచి ఊడదీసిన ఎనిమిది అంగుళాల వూఫర్. హమ్మింగ్ లేదు, వాల్యూం బాగానే ఉంది, కానీ చర్చిలో వాయిస్తే గిటారు నూతిలోంచి వస్తున్నట్టుందిట. "ఏ కెపాసిటర్ ఎక్కడ పెడితే బ్రైట్ అవుతుంది అంకుల్?" అని అడిగాడు.

నా జవాబు: ఇప్పుడే ఏమీ పెట్టకు. ఈ సర్క్యూట్ పుట్టుకతో డల్‌గా మోగేది కాదు. నువ్వు చూసి కట్టిన పాతరకం చాంప్‌లో అసలు టోన్ కంట్రోలే ఉండదు, అయినా తీగలు గలగలమంటాయి. నీది మూసుకుపోయిందంటే ట్రెబుల్, అంటే పై స్వరాల మెరుపు, ఎక్కడో దారిలో పోతోందన్నమాట. కుండకి చిల్లుంటే ఇంకో బిందె నీళ్లు పోసి లాభం లేదు. ముందు చిల్లు కనిపెట్టు. ఆ తరవాత కావాలంటే బ్రైట్ కెపాసిటర్ గురించి మాట్లాడుకుందాం.

వెతకడం కూడా బయటినుంచి లోపలికి రావాలి. అందరూ ముందు సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటారు. నేనూ ఒకప్పుడు అంతే.

నీ మూడో ఫోటోలో కాబినెట్ ముందు భాగానికి అతికించింది గుడ్డ కాదు కదా? ఆ మెరుపు చూస్తే రెక్సిన్‌లా ఉంది. స్పీకరు ముందు రెక్సిన్ పెడితే మూతి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడినట్టే. బేస్ దాన్ని కదిలించుకుని బయటికొస్తుంది, ట్రెబుల్ అక్కడే ఆగిపోతుంది. పాత రేడియోలకి ముందు వేసే జాలీ గుడ్డ గుర్తుందా? నోటి దగ్గర పెట్టుకుని ఊదితే అవతలికి గాలి రావాలి. అదే పరీక్ష. ఊదితే బుగ్గలు ఉబ్బాయంటే ఆ గుడ్డ పనికిరాదు.

ఇంకోటి, ఆంప్ నేలమీద పెట్టి నువ్వు దాని పక్కనే నిలబడి వాయిస్తున్నావు. పై స్వరాలు స్పీకరుకి ఎదురుగా టార్చిలైటు వెలుగులా సూటిగా పోతాయి, పక్కలకి పెద్దగా పాకవు. అంటే నీ ట్రెబుల్ నీ మోకాళ్లు వింటున్నాయి, నీ చెవులు కాదు. రెండు ఇటుకలు ముందు కింద పెట్టి వెనక్కి వాల్చు, లేదా కుర్చీ మీదికెక్కించు. చాలామంది ఆంప్‌లు ఈ ఒక్కదానితోనే బాగుపడ్డాయంటే నమ్మరు.

కేబుల్ ఇరవై అడుగులదని రాశావు. మామూలు గిటార్ కేబుల్‌కి మీటరుకి సుమారు 100 పికోఫారడ్ కెపాసిటెన్స్ ఉంటుంది. ఆరు మీటర్లంటే 600. పికప్ అంటే తీగచుట్ట, దానికి ఇండక్టెన్స్ ఉంది. ఆ రెండూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర రెజొనేట్ అవుతాయి, గిటారు మెరుపంతా ఆ చోటే ఉంటుంది. సింగిల్ కాయిల్ పికప్‌కి మూడు మీటర్ల కేబుల్‌తో అది అయిదు కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో ఉంటే, ఆరు మీటర్లతో నాలుగు దాకా దిగుతుంది. మరీ ఘోరం కాదు గానీ తేడా వినపడుతుంది. ఒకసారి స్నేహితుడి పొట్టి కేబుల్‌తో విను. తీగలు ఎప్పుడు మార్చావో కూడా చెప్పలేదు. మన కృష్ణా తీరం ఉక్కపోతకీ వేళ్ల చెమటకీ తీగ నెలన్నరకే నల్లబడుతుంది. తుప్పు తీగ మోగించి వాల్వుని తిట్టకూడదు.

ఇక స్పీకరు. నీ ఆంప్‌లో సగం జబ్బు ఇక్కడే ఉందని నా అనుమానం. హోమ్ థియేటర్ వూఫర్‌ని తయారు చేసిందే బేస్ కోసం. రబ్బరు అంచు, బరువైన కోన్. పై స్వరాల పని ట్వీటర్ చూసుకుంటుందని దానికి తెలుసు. గిటార్ స్పీకరు దానికి పూర్తిగా విరుద్ధం. పల్చని గట్టి కాగితం కోన్, అంచు కూడా ముడతలు పెట్టిన కాగితమే, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య కావాలనే లేచి, అయిదు దాటాక జారిపోతుంది. గిటారు గొంతు అంటే ఆ లేవడమూ జారడమూనే. జెన్సెన్ వాళ్ల ఎనిమిది అంగుళాల సీ8ఆర్ లాంటిది ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు, కానీ డబ్బు పెట్టే ముందు పరీక్ష చెయ్యి. పాత వాల్వు రేడియోలోని కాగితం కోన్ స్పీకరు ఎక్కడైనా చిరగకుండా దొరికితే, ఆంప్ ఆపి, దాన్ని తగిలించి, మళ్లీ ఆన్ చేసి చిన్న వాల్యూంలో విను. అవి మూడు నాలుగు వాట్లకంటే మొయ్యవు, గట్టిగా వాయించకు. లేదా మీ చర్చిలో గిటార్ ఆంప్ ఉంటే దాని స్పీకరు వైర్లు విప్పి నీ ఆంప్‌కి కలుపు. గొంతు విచ్చుకుందా, లోపల నువ్వు కట్టింది సవ్యంగానే ఉంది. విచ్చుకోలేదా, అప్పుడు డబ్బా తెరువు. వూఫర్‌కి పక్కన ట్వీటర్ తగిలిద్దామనే ఆలోచన మాత్రం వద్దు. ఓవర్‌డ్రైవ్ చేస్తే కందిరీగల తుట్టె కదిలించినట్టుంటుంది.

ఒక్కటి మర్చిపోకు. స్పీకరు మార్చేటప్పుడు పవర్ ఆపాల్సిందే. నీదానిలా ఒకే పవర్ వాల్వుతో నడిచే (సింగిల్ ఎండెడ్) ఆంప్‌ని స్పీకరు లేకుండా ఆన్ చేసి తీగ మీటితే ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో (వాల్వు వైపు చుట్టలో) వోల్టేజి ఎగిసి ఇన్సులేషన్ కాలిపోవచ్చు. తాతగారి ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ దొరకదు.

ఆ ట్రాన్స్‌ఫార్మర్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. నీ ఫోటోలన్నిటిలో నన్ను పట్టి ఆపింది అదే. విజయవాడ రేడియో స్టేషను 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ తరవాత మన వైపు ఇళ్లలోకి వచ్చిన వాల్వు రేడియోలన్నీ మీడియం వేవ్, షార్ట్ వేవ్ కోసం చేసినవి. ఆ ప్రసారాల్లో అయిదు కిలోహెర్ట్జ్ దాటి సంగీతం పెద్దగా ఉండదు, ఉన్నదల్లా గరగర, పక్క స్టేషను ఈల. అందుకని రేడియో చేసేవాళ్లు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి అడ్డంగా ఒక కెపాసిటర్ కలిపేవాళ్లు, చాలావాటిలో 0.002 నుంచి 0.01 మైక్రోఫారడ్ దాకా. దాని పనే ట్రెబుల్ని మింగడం. 5000 ఓమ్స్ లోడు మీద 0.01 పెడితే సుమారు 3 కిలోహెర్ట్జ్ నుంచే కోత మొదలవుతుంది. నీ ఫోటోలో ట్రాన్స్‌ఫార్మర్ రెండు తీగల మధ్య మైనం పూసిన గోధుమరంగు గొట్టంలాంటిది కనిపిస్తోంది, నువ్వు దాంతోపాటే తెచ్చి పెట్టేసినట్టున్నావు. అది నేననుకున్నదే అయితే నీ సమస్య అక్కడికక్కడే చాలావరకు తేలిపోతుంది. విప్పెయ్. గిటారుకి అది అక్కర్లేదు. పైగా అంత పాత కాగితం కెపాసిటర్ మూడొందల వోల్టుల మీద ఉండటం మంచిది కూడా కాదు.

ఆ ట్రాన్స్‌ఫార్మర్‌తో ఇంకో చిక్కు. రేడియో స్పీకర్లు ఎక్కువగా మూడు నుంచి అయిదు ఓమ్స్‌వి. నీ వూఫర్ ఎనిమిదా, నాలుగా? చుట్ల నిష్పత్తి నువ్వే కొలవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ని సర్క్యూట్ నుంచి పూర్తిగా విడదీసి, ప్రైమరీకి 6.3 వోల్టుల హీటర్ ఏసీ ఇచ్చి సెకండరీ (స్పీకరు వైపు చుట్ట) మీద ఎంతొస్తుందో చూడు. తలకిందులుగా ఇవ్వకు, సెకండరీకి 6.3 ఇస్తే ప్రైమరీలో రెండొందలకి పైగా లేచి కొడుతుంది. ఉదాహరణకి 0.18 వోల్టు వచ్చిందనుకో, 6.3ని 0.18తో భాగిస్తే 35. 35ని 35తో గుణిస్తే 1225. దాన్ని స్పీకరు నాలుగు ఓమ్స్‌తో గుణిస్తే వాల్వుకి 4900 ఓమ్స్ కనిపిస్తుంది, 6వి6కి సరిగ్గా సరిపోతుంది. అదే ఎనిమిది ఓమ్స్ స్పీకరైతే 9800. మోగుతుంది, కాలిపోదు, కానీ శక్తి తగ్గి గొంతు మారుతుంది.

కొందరు స్టెబిలైజర్లు చుట్టే కొట్లో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించుకుంటారు. వాళ్లు ప్రైమరీ మొత్తం చుట్టేసి దానిమీద సెకండరీ మొత్తం చుడతారు. 50 హెర్ట్జ్ కరెంటుకి అది చాలు. ఆడియోకి మాత్రం రెండిటినీ పొరలు పొరలుగా ఒకదాని మధ్య ఒకటి చుట్టకపోతే లీకేజి ఇండక్టెన్స్ (రెండు చుట్టలకీ జత కుదరని భాగం) పెరిగి పైభాగం పోవచ్చు. నీది అసలు రేడియోది కాబట్టి ఆ భయం తక్కువ.

సరే, ఇవన్నీ చూశాక కూడా మబ్బుగానే ఉంటే డబ్బా తెరుద్దాం. తెరిచే ముందు ప్లగ్ పీకెయ్. స్విచ్ ఆపడం చాలదు. ఫిల్టర్ కెపాసిటర్లలో మూడొందల వోల్టులు కూర్చుని ఉంటాయి, ఆంప్ ఆపిన తరవాత కూడా. 10 కిలోఓమ్స్, 5 వాట్ల రెసిస్టరుకి ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు కట్టి ప్లస్‌కీ చాసిస్‌కీ (ఆంప్ రేకు అడుగుకి) మధ్య కాసేపు పట్టుకో. తరవాత మీటరుతో సున్నాకి వచ్చిందని చూసుకున్నాకే వేలు పెట్టు. ఆన్‌లో ఉండగా కొలవాల్సి వస్తే ఎడమచెయ్యి జేబులో ఉండాలి, కాళ్లకి చెప్పులుండాలి. ఇది చాదస్తం కాదు. వన్‌టౌన్‌లో (విజయవాడ) నాకు పని నేర్పిన మేస్త్రి రెండు చేతులూ డబ్బాలో పెడితే స్క్రూడ్రైవరుతో వేళ్ల మీద కొట్టేవాడు.

లోపల ముందు చూడాల్సింది రెసిస్టర్ల మీది రంగుల గీతలు. ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి. క్రిష్ణలంకలో ఒక చర్చి కుర్రాళ్లకి పాత రేడియో చాసిస్ మీద గిటార్ ఆంప్ కట్టిచ్చాను. సరిగ్గా నీ ఫిర్యాదే, దుప్పటి కప్పినట్టుంది అన్నారు. మూడు రోజులు కుస్తీ పట్టాను. దశల మధ్య సిగ్నల్ దాటించే కప్లింగ్ కెపాసిటర్లు మార్చాను, వాల్వు మార్చాను, బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాళ్ల ఈసీసీ83, అంటే 12ఏఎక్స్7కే ఇంకో పేరు, కొత్తది పెట్టెలోంచి తీసి పెట్టాను. ఏమీ కాలేదు. నాలుగోరోజు పొద్దున కిటికీ దగ్గర ఎండలో పెట్టుకుని చూస్తే ఇన్‌పుట్ గ్రిడ్ (వాల్వులోకి సిగ్నల్ వెళ్లే కాలు) దగ్గర రెసిస్టరు నీలం, బూడిద, పసుపు. ఉండాల్సింది నీలం, బూడిద, నారింజ. 68 కిలోఓమ్స్ ఉండాల్సిన చోట 680 పెట్టాను. రాత్రిపూట పాత బల్బు వెలుతురులో నారింజకీ పసుపుకీ తేడా ఏం తెలుస్తుంది?

పదింతలు తేడాకి అంత గొడవేమిటంటావా? 12ఏఎక్స్7లో గ్రిడ్‌కీ ప్లేట్‌కీ (పెంచిన సిగ్నల్ బయటికొచ్చే కాలుకి) మధ్య 1.6 పికోఫారడ్ లాంటి చిన్న కెపాసిటెన్స్ ఉంటుంది. కానీ ఆ దశ అరవై రెట్లు పెంచుతోందంటే గ్రిడ్ వైపు నుంచి చూస్తే అది వంద పికోఫారడ్‌లా కనిపిస్తుంది. మీ పుస్తకాల్లో మిల్లర్ ఎఫెక్ట్ అని చదివి పరీక్షలో రాసి వదిలేసిందే ఇది. 68 కిలోఓమ్స్‌తో కలిస్తే కోత 23 కిలోహెర్ట్జ్ దగ్గర, ఎవరికీ వినపడదు. 680తో కలిస్తే 2.3 కిలోహెర్ట్జ్ దగ్గర. గిటారు గొంతు నులిమినట్టే. అందుకే పవర్ ఆపి ప్రతి రెసిస్టరూ మీటరుతో కొలువు. అనుమానం వచ్చినదాన్ని ఒక కాలు విప్పి కొలువు, లేకపోతే పక్కనున్నవి కలిసి తక్కువ చూపిస్తాయి.

కెపాసిటర్ల అంకెలూ ఇంతే. 471 అంటే 470 పికోఫారడ్, 470 అని ఉంటే 47. 223 అంటే 0.022 మైక్రోఫారడ్, 104 అంటే 0.1. గవర్నర్‌పేటలో కొట్టువాడు "అదే ఇది" అని ఇచ్చినదాన్ని ఒకసారి చదివి చూడు.

వాల్యూం పాట్ (తిప్పే కంట్రోల్) నుంచి రెండో గ్రిడ్‌కి నువ్వు షీల్డు వైరు చాసిస్ చుట్టూ తిప్పి తెచ్చావు. చూడటానికి ముచ్చటగా ఉంది, కానీ అది కూడా కెపాసిటెన్సే. వాల్యూం మధ్యలో ఉన్నప్పుడు ఒక మెగఓమ్ పాట్ 250 కిలోఓమ్స్ దాకా అడ్డం పడుతుంది. ఆ వైరు, వాల్వు సొంత కెపాసిటెన్స్ కలిసి 150 పికోఫారడ్ అయ్యాయంటే నాలుగు కిలోహెర్ట్జ్ దగ్గరే కోత. దగ్గర దారిలో మామూలు వైరు వేసి, చాసిస్‌కి ఆనించి పోనిచ్చేయ్. నీ ఆంప్‌లో వాల్యూం పూర్తిగా తిప్పితే బ్రైట్, సగంలో డల్ అని నువ్వే రాశావు చూడు, ఆ లక్షణం దీనికి బాగా సరిపోతుంది.

ఇవి సరిదిద్దాక కూడా ఇంకాస్త మెరుపు కావాలంటే, ట్రెబుల్ పెంచేకంటే బేస్ తగ్గించడం మంచిది. చిన్న స్పీకరు, అయిదు వాట్లు, వాటి మీద అంత బేస్ పడితే మిగతాది నలిగిపోతుంది. తొలి దశ కాథోడ్ (వాల్వులో ఎలక్ట్రాన్లు బయల్దేరే కాలు) మీద 1.5 కిలోఓమ్స్‌కి అడ్డంగా నువ్వు 25 మైక్రోఫారడ్ పెట్టావు. దాని బదులు 0.68 పెట్టు. సుమారు 150 హెర్ట్జ్ కిందికి పోయేకొద్దీ ఆరు డెసిబెల్స్ దాకా తగ్గుతుంది, 300 పైకి పోయేకొద్దీ దాదాపు అలాగే ఉంటుంది. గిటారు కింది తీగ 82 హెర్ట్జ్, కాబట్టి అడుగు పూర్తిగా పోదు, బురద మాత్రం పోతుంది. మరీ పల్చబడిందనిపిస్తే 1 లేదా 2.2 పెట్టి చూడు. నా చెవికి ఇదే అన్నిటికంటే అందమైన మార్పు. గిటార్ ఆంప్‌లు చేసే మార్షల్ కంపెనీ వాళ్లు కూడా తమ కొన్ని ఆంప్‌లలో తొలి దశ దగ్గర 2.7 కిలోఓమ్స్‌కి 0.68 వాడింది ఊరికే కాదు.

రెండో కాథోడ్‌కి మాత్రం కెపాసిటర్ పెట్టకు. స్పీకరు నుంచి 22 కిలోఓమ్స్ ద్వారా వచ్చే ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి తెచ్చి ఆంప్‌ని అదుపులో పెట్టేది) అక్కడికే వస్తుంది, పెడితే దాన్ని భూమిలో పారబోసినట్టే.

6వి6 గ్రిడ్‌కి వెళ్లే కప్లింగ్ కెపాసిటర్ 0.1 అని చూశాను. అక్కడ 220 కిలోఓమ్స్ ఉంది కాబట్టి 0.022 పెడితే కోత 7 నుంచి 33 హెర్ట్జ్‌కి జరుగుతుంది. పెద్దగా వినపడదు, కానీ గట్టిగా వాయించినప్పుడు తడబాటు తగ్గుతుంది. కెపాసిటర్ బ్రాండు గురించి ఎవరైనా ఉపన్యాసం ఇస్తే విని ఊరుకో. విలువ ముఖ్యం, ఓర్చుకునే వోల్టేజి ముఖ్యం, నాలుగొందలకి తక్కువ వద్దు. రంగు ముఖ్యం కాదు.

ఇప్పుడు నువ్వడిగిన బ్రైట్ కెపాసిటర్. వాల్యూం పాట్ పై కాలుకీ మధ్య కాలుకీ అడ్డంగా 100 లేదా 120 పికోఫారడ్, 500 వోల్టులది, సిరామిక్ అయినా మైకా అయినా సరే. ఫెండర్ వాళ్ల పెద్ద ఆంప్‌లలో బ్రైట్ స్విచ్ వెనక ఉండేది 120యే. వాల్యూం తక్కువలో బాగా పని చేస్తుంది, పెంచేకొద్దీ తగ్గిపోయి, పూర్తిగా తిప్పితే ఉన్నా లేనట్టే. దానికో చిన్న స్విచ్ పెట్టుకో. తెలియక 102 పెట్టావంటే 1000 పికోఫారడ్ అయి, తక్కువ వాల్యూంలో చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్టుంటుంది.

నాకు ఇంకా ఇష్టమైన కిటుకు ఫీడ్‌బ్యాక్ దగ్గరుంది. ఆ 22 కిలోఓమ్స్ తీసేసి దాని బదులు 10, 12 వరసగా పెట్టు, 10 స్పీకరు వైపు ఉండాలి. రెండూ కలిసే చోటునుంచి భూమికి 0.01 మైక్రోఫారడ్ కట్టు. మూడు కిలోహెర్ట్జ్ దగ్గర మొదలై పైకి పోయేకొద్దీ ఫీడ్‌బ్యాక్ తగ్గుతుంది, అంటే ఆ మేరకు ఆంప్ పైభాగం తెరుచుకుంటుంది. 0.022 పెడితే ఇంకా కిందినుంచి మొదలవుతుంది. ఇదొక ప్రెజెన్స్ కంట్రోల్ (పైభాగాన్ని తెరిచే కంట్రోల్) లాంటిదే, పాట్ లేకుండా. అక్కడ వోల్టేజి తక్కువ కాబట్టి చిన్న కెపాసిటర్ చాలు. ఫీడ్‌బ్యాక్ తీగ పూర్తిగా ఊడదీసి కూడా విను, ఒక రోజు వాయించి చూడు. గరుకుదనం, బలం, మెరుపు అన్నీ పెరుగుతాయి, కొందరికి అదే నచ్చుతుంది. కలిపినప్పుడు కూత పెడితే సెకండరీ తీగలు తారుమారయ్యాయన్నమాట, మార్చి కలుపు.

కొలవాలనుకుంటే మీ కాలేజీ ల్యాబ్‌లో సీఆర్‌వో (ఓసిల్లోస్కోపు) అడుగు. ఆంప్‌కి స్పీకరు బదులు 8 ఓమ్స్, 10 వాట్ల రెసిస్టరు కట్టి, ఫోన్‌లో టోన్ జనరేటర్ పెట్టి 400 హెర్ట్జ్, 1, 3, 5 కిలోహెర్ట్జ్ ఇచ్చుకుంటూ దశ దశకీ ఎంత ఎత్తుందో రాసుకో. ప్రోబ్ పదింతల స్థానంలో ఉంచు, ఎంత వోల్టేజి తట్టుకుంటుందో ముందే చూసుకో. ఏ దశ దాటాక 5 కిలోహెర్ట్జ్ కూలిపోయిందో చిల్లు అక్కడే. చవక మల్టీమీటరుతో ఈ పని చెయ్యకు, చాలావాటి ఏసీ కొలత 400 హెర్ట్జ్ దాటితే నమ్మదగింది కాదు.

వచ్చే ఆదివారం లోపు ముందు ఆ రెక్సిన్ చింపు, ప్రైమరీ మీది గోధుమరంగు గొట్టం విప్పు, పొట్టి కేబుల్‌తో విను. అంతవరకే చెయ్యి, ఒక్కొక్కటీ విడివిడిగా, ప్రతిసారీ విని. ఒకేసారి అయిదు మార్చేస్తే ఏది పని చేసిందో నీకూ తెలీదు, నాకూ తెలీదు. తరవాత 12ఏఎక్స్7 రెండు ప్లేట్ల వోల్టేజీ, రెండు కాథోడ్‌లదీ, 6వి6 కాథోడ్‌దీ రాసి పెట్టు. 6వి6 కాథోడ్ దగ్గరి 470 ఓమ్స్ మీద 18 నుంచి 20 వోల్టులు ఉండాలి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఏమైనా అంకెలు రాసి ఉంటే దగ్గరగా ఒక ఫోటో తియ్యి.